ఇప్పచెట్టు పేరు మీద ఒక అర

మీ తాత సౌదీ నుంచి ఎట్ల వచ్చిండో నూరుసార్లు అడిగిన్రు. ఏ విమానం, ఎన్ని గంటలు, విమానంల తినడానికి ఏం పెట్టిన్రు, అన్నీ అడిగిన్రు. ఆయన జాడ పట్టిచ్చిన మనిషి ఎవరని ఒక్కనాడన్న, మీల ఒక్కరన్న అడిగిన్రా? ఫకీర్ అహ్మద్ అంటే మానుకోటల ఏదో బట్టల దుకాణం అనుకునే మొఖాలు మీయి. కుమార్, నవ్వకు. నవ్యా, ఆ ఫోను పక్కన పెట్టి నోట్‌బుక్కు తియ్యి. నేను చెప్త, నువ్వు రాయి. మీ అమ్మమ్మకు చదువు రాదని నా మాట దిద్దినవంటే చేతి మీద కొడ్త. నేను ఎట్ల చెప్తే అట్లనే రాయి. ఫకీర్ సాబ్ కూడ అట్లనే రాసేటోడు.

ఫకీర్ సాబ్‌ది భూపాలపల్లి దిక్కు ఘనపూర్. వాళ్ల నాయిన ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కిచ్చేటోడు. అరవై తొమ్మిదిల తెలంగాణ కావాలని మొదటిసారి లొల్లి లేచినప్పుడు ఈయనకు పదహారేండ్లు. బడులన్నీ మూసిన్రు. మళ్ల తెరిచిన్నాడు అందరు పోయిన్రు, ఈయన పోలే. పోయిన ఏడాది ఎట్లాగు రాదని, జనగామల మేనమామ ఇంట్ల ఉండి టైపు నేర్చుకున్నడు. కండ్లకు గుడ్డ కట్టి కొట్టిచ్చేటోళ్లట. అందుకే ఆయన వేళ్లు మీటల మీద ఉంటే కండ్లు మన మొఖం మీద ఉండేటియి.

మానుకోటల, అదే మీరు బడిల మహబూబాబాద్ అని రాస్తరు గద, ఆడ తహసీల్ ఆఫీసు గోడకు ఆనుకొని ఒక రేకు కింద మిషిన్ పెట్టిండు. ముప్పై ఏండ్లు అక్కడనే. భూమి దరఖాస్తు, రేషన్ కార్డు, పింఛను, ఏదైనా ఆయన కొట్టిందే. ఒక్కటే రోగం ఉండె ఆయనకు. కోపం మీద వచ్చినోళ్ల కాయిదం కొట్టేటోడు కాదు. అన్న మీద తమ్ముడు, అత్త మీద కోడలు కండ్లెర్రజేసుకొని వస్తే, "రిబ్బన్ అయిపోయింది బాపు, రేపు రా" అనేటోడు. కొత్త రిబ్బన్ డబ్బా మోకాలు పక్కనే ఉండేది. తెల్లారి సగం మంది వచ్చేటోళ్లు కాదు. ఆయన భార్య రబియా బీ నెత్తి కొట్టుకునేది. "రిబ్బన్ అయిపోయిందని నువ్వు ఊరందరికి చెప్తవ్. బియ్యం అయిపోయినయని నేనెవలకు చెప్పాలె?"

తర్వాత కంప్యూటర్లు వచ్చి టైపు మిషిన్ మీద దుమ్ము పడ్డది. కాలేజీల కంప్యూటర్ పాఠం చెప్పే చంద్రమౌళి సార్ అని ఒకాయన ఉండె. పారేసిన పాత పెట్టె ఒకటి బాగు చేసి ఫకీర్ సాబ్‌కు ఇచ్చిండు. దాంట్ల బొమ్మలు లేవు, పాటలు లేవు, చేత పట్టుకొని తిప్పే ఎలుక లేదు. నల్ల తెర, తెల్లటి అక్షరాలు, గంతే. "మన టెలిఫోన్ తీగ సన్నది సాబ్, బొమ్మలు ఎక్కయి. అక్షరాలైతే ఉరుకుతయి" అన్నడట సారు. ఫకీర్ సాబ్‌కు గదే కావాలె. ఎలుకను పట్టుడు చాతకాదు, మీటలు కొట్టుడే వచ్చు. ఆ నల్ల తెర మీదికి ఈ-మెయిల్ అని ఉత్తరాలు వచ్చేటియి, అందుల నుంచే పోయేటియి.

అప్పటికి మా బయ్యారం దిక్కు తండాల నుంచి మొగోళ్లు సౌదీ, దుబాయ్ పోతున్నరు. బోరు ఎండి ఒకడు పోతే, వాన్ని చూసి ఇంకొకడు. మీ తాత ప్రేమ్‌సింగ్ రెండువేల ఎనిమిదిల పోయిండు. ఫోన్ చేస్తే "మంచిగున్నవా" అనేలోపు కట్ అయితుండె. అందుకని ఆడ క్యాంపుల చదువుకున్నోడు ఎవడన్న ఉంటే వాని తోని ఈ-మెయిల్ రాపిచ్చేటోళ్లు. అందరికీ ఒక్కటే అడ్రసు, ఫకీర్ సాబ్‌ది. పై వరుసల ఎవరికి పోవాల్నో పేరు. మేము సంత నాడు మానుకోట పోయినప్పుడు ఆయన చదివి వినిపిచ్చేటోడు. గంప ఒకటి, ఉత్తరాలు నూరు ఇండ్లయి.

ఇగ ఏరుడు ఎట్ల? మా తండాలల్ల ప్రేమ్‌సింగ్ అని ఒక కేకేస్తే నలుగురు పలుకుతరు. మంగ్లీ అంటే ఆరుగురు తిరిగి చూస్తరు. ఇంటిపేరు అడిగితే అందరు బానోతులే. మొదట్ల పేర్ల మీద అరలు చేసిండు. అర అంటే, మన బీరువాల ఉంటయి చూడు, గట్ల ఆ పెట్టె లోపల. ఒకనాడు ఒక మంగ్లీ మొగని ఉత్తరం ఇంకో మంగ్లీకి చదివిండు. ఆమె కొంగు నోట్ల పెట్టుకొని, సిగ్గుపడుకుంట మొత్తం విన్నది. ఆఖరికి, "సాబ్, మాకు మేకలే లేవు గద, మేకలు ఎట్లున్నయి అంటడేంది?" అన్నది.

ఆ దినం నుంచి పేర్లు బంద్. ఒక్కొక్కరిని అడిగిండు: "నీ ఇల్లు ఏది అని ఎవలన్న అడిగితే ఏం గురుతు చెప్తవమ్మా?" నేను "ఇంటి ముంగట ఇప్పచెట్టు" అన్న. మా తండా రామి "ఎర్రరాళ్ల గుట్ట కింద" అన్నది. గంగికి నోరు ఆగదు గద, "మా అత్త గొంతు ఎటు ఇనబడ్తే గటే" అన్నది. నవ్వుతడు అనుకున్నం. నవ్వలే. ఇంగ్లీషు అక్షరాలల్ల అత్తగొంతు అని కొట్టి ఒక అర చేసిండు.

ఉత్తరం చదివినంక "దాయాల్నా, తీసెయ్యాల్నా?" అని అడుగుతడు. దాయమంటే ఒక మీట కొడ్తడు. తెర కింద ఒక వరుస లేచి ఏ అరల అని అడుగుతది. ఇప్పచెట్టు అని కొడ్తడు. మొదటిసారి నేను కండ్లు పెట్టి చూసిన. నాకు చదువు రాదు గని చూపు లేదా? మీట కొట్టంగనే నా ఉత్తరం వరుస ముంగట ఒక అక్షరం వచ్చి కూసున్నది, దోసకాయను నిలువున కోసి నిలబెట్టినట్టు. అంతకుముందే రామి ఒక ఉత్తరం తీసెయ్యమంటే దాని ముంగట కూడ గదే దోసకాయ బద్ద పడ్డది. నేను లేచి నిలబడ్డ.

"సాబ్! దాయమంటే తీసేస్తున్నవేంది? నా కండ్ల ముంగటనే?"

"తీసేయలే బెహన్, దాసిన. దాసినంక ఈడ ఉండది గద, అందుకే డీ అని పడ్తది."

"రామిది తీసేస్తే గూడ గదే పడ్డది. మరి నాది బతికిందని నాకెట్ల తెల్వాలె?"

ఆయన ఇప్పచెట్టు అర తెరిచి చూపెట్టిండు. అండ్ల ఒక్కటే వరుస, ముంగట ఏ బద్ద లేకుంట. "సూడు. పోయిందంటే సచ్చింది కాదు. ఇల్లు మారింది" అన్నడు.

మరి రామిది ఏ ఇంటికి పోయిందని నేను అడగలే. అడగాల్సింది.

ఆయన వేళ్లు ఉరుకుతయి గద, ఇప్పచెట్టుల ఒకసారి ఒక అక్షరం తక్కువ పడేది, ఒకసారి ఎక్కువ పడేది. ఈ పేరు అర లేదు, కొత్తది చెయ్యాల్నా అని ఆ పెట్టె అడిగితే ఈయన చూసుకోక ఊ కొట్టేటోడు. ఏడాదిల నాకు మూడు ఇప్పచెట్లు మొలిచినయి. పాత ఉత్తరం మళ్ల చదవమంటే మూడిటి కింద వెతికేటోడు. "ఏంది సాబ్, ఇప్పపువ్వు ఏరినట్టు ఏరుతున్నవ్, సారా కాస్తవా?" అని నేనంటే, "తోబా తోబా" అని రెండు చెవులు పట్టుకునేటోడు.

జవాబు నేను నోటితో చెప్తే ఆయన కొట్టేటోడు. దరఖాస్తులల్ల అయితే "మనవి చేసుకొనుచున్నాను" అని కొట్టాలె. వెనకట ఒక గుమస్తా ఈయన రాసిన కాయిదంల "పోయినం, వచ్చినం" అని ఉంటే, సినిమాల జోకరు మాట్లాడినట్టుందని అందరికి చదివి వినిపిచ్చి నవ్విండట. అప్పటి నుంచి కాయిదాలకు ఆ భాష. మా ఉత్తరాలకు మాత్రం మా నోట్ల మాటనే. బర్రె ఈనింది అంటే బర్రె ఈనింది. ఒకసారి మా తండా మాట వచ్చి "యాడి" అన్న. వేళ్లు ఆపి, అంటే ఏందని అడిగిండు. అమ్మ అని చెప్పిన. "మంచిగున్నది" అని గదే కొట్టిండు.

ఇగ రెండువేల పదకొండు, శ్రావణం. తీజ్ పండుగకు వస్త అని మీ తాత మూడేండ్ల నుంచి అంటున్నడు. మీ అమ్మ కవిత ఆ ఏడు తీజ్ బుట్టల గోధుమలు చల్లింది. పెండ్లి కాని పిల్లలు తొమ్మిది దినాలు నీళ్లు పోసి మొలకలు పెంచుతరు గద. వేలెడు లేచినయి. ఏ రైలుకు దిగుతడో తెలుసుకుందామని నేను మానుకోట పోయిన. ఫకీర్ సాబ్ చదవబట్టిండు.

"తుల్సీ, తీజ్‌కు వస్తలేను. నేను కంపెనీ ఇడిసిపెట్టిన. ఖల్లివెల్లి అయిన..."

ఖల్లివెల్లి అంటే కంపెనీల చెప్పకుండ పారిపోయినోడు. కాయిదాలు ఉండయి. దొరికితే జైలే.

"ఆపు" అన్న.

"ఇంక ఉన్నది బెహన్."

"ఉంటే ఉండని. తీసెయ్యి దాన్ని. ఆ ఇప్పచెట్టు గూడ నరికెయ్యి!"

ఆయన నా మొఖం చూసిండు. చూసుకుంటనే వేళ్లు ఆడిచ్చిండు. దోసకాయ బద్ద పడ్డది. కొంచెం సేపటికి ఆ వరుసే లేదు. కడుపు చల్లబడ్డది అనుకున్న. రోడ్డు మీదికొచ్చి ఏడ్చిన, అది వేరే ముచ్చట. జవాబు పంపలే.

మీ తాత నుంచి కూడ మళ్ల ఉత్తరం లేదు. ఒక సంత, రెండు సంతలు, నాలుగు సంతలు. అటెన్క తెలంగాణ కోసం సకల జనుల సమ్మె పడ్డది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. బొగ్గు బాయిలు కూడ బంద్, ఇగ కరెంటేడిది? ఆ లొల్లిల పక్క తండా మంగీలాల్ మా ఇంటికి వచ్చిండు. ఆయన కూడ సౌదీల పనిచేసేటోడు, సెలవు మీద వచ్చి తిరిగి పోతుండె.

"అక్కా, బావ ఏడున్నడు?"

"నాకేం తెలుసు? మీ బావనే అడుగు."

"కొట్లాట తర్వాతకుంచు అక్కా. ఆడ ఖల్లివెల్లోళ్లను పట్టుకుంటున్నరు. బావకు జరమొచ్చి పన్నడని ఒకలు చెప్పిన్రు, ఏడనో వాళ్లకూ తెల్వదు. ఊరి పేరు ఒక్కటి చెప్పు, నేను పోయి ఎతుకుత. పేరు లేకుంటే ఏడని ఎతకాలె? అది మన బయ్యారం కాదు, ఎడారి. ఎల్లుండి పొద్దుగాల జీపు ఎక్కుత."

ఊరి పేరు. అది ఉంటే ఆ ఉత్తరంలనే ఉండాలె. నేను ఆపు అన్న మాటకు అవతల.

తెల్లారి మానుకోటల వంటావార్పు ఉండె. రోడ్డు ఆపి, రోడ్డు మీదనే పొయ్యి పెట్టి, అక్కడనే వండుకొని తినుడు. మా ఆడోళ్లందరు ట్రాక్టరు ఎక్కిన్రు, నేను బియ్యం మూట మీద కూసున్న. అందరు శిబిరం కాడ దిగితే నేను ఫకీర్ సాబ్ దుకాణానికి ఉరికిన. సంగతంత చెప్పి అడిగిన: "సాబ్, తీసేసిన ఉత్తరం మళ్ల వస్తదా?"

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"పోనీ, మిగిలింది నువ్వన్న సదివినవా?"

"లేదు బెహన్. ఇనేటోళ్లు ఎదురుంగ లేకుంటే నేను సదవ." ఆయన పద్ధతి గది. పై వరుసల పేరు చూస్తడు, కిందిది మనిషి వచ్చి కూసున్నంకనే. "కరెంటు రానియ్యి" అన్నడు.

కరెంటు రాలే. పన్నెండైంది, ఒకటైంది. రబియా బీ ఇచ్చిన చాయ్ చేతులనే చల్లారింది. రోడ్డు మీద మైకుల పాటలు మోగుతున్నయి. కూసోని కూసోని నాకే తట్టింది, మరి ఆ మైకుకు కరెంటు ఏడికెల్లి వస్తుంది? పోయి చూస్తే వెనకాల జనరేటర్ డబడబ కొట్టుకుంటుంది. ఆ శిబిరం నడిపిచ్చేది ఎవరు? చంద్రమౌళి సారే. కాలు మొక్కినంత పని చేసిన. సారు తనే వచ్చి పెట్టె ఎత్తుకున్నడు, రబియా బీ తెర ఎత్తుకున్నది, ఫకీర్ సాబ్ మీటల పలక చంకల పెట్టుకున్నడు. రోడ్డు మీద బియ్యం బస్తాలు పేర్చి వాటి మీద పెట్టిన్రు. మైకు ఆగింది.

ఒకాయన లేచిండు. "ఏందిది? ఈమె మొగని ఉత్తరం కోసం తెలంగాణ ఆపుతరా?"

రామి గంటె ఎత్తింది. "అరవై తొమ్మిది నుంచి ఆగింది గద, ఇంక పది నిమిషాలు ఆగితే పారిపోతదా? కూసో!"

ఎండకు తెర కనబడలే. రామి, గంగి దుప్పటి తెచ్చి మీద పట్టుకున్నరు. ఇగ ఊరి ఆడోళ్లందరి తలకాయలు ఆ దుప్పటి కిందనే. ఫకీర్ సాబ్ ఒక ఇప్పచెట్టు చూసిండు, రెండోది చూసిండు, మూడోది చూసిండు. లేదు. ఉండదని నాకు తెలుసు. ఆయనకు కూడ తెలిసే వెతుకుతుండు. చేతులు ఆగినయి.

"బెహన్, వీళ్లను జర అవతలికి పొమ్మను" అన్నడు చిన్నగ.

ఎవరు పోతరు? గంగి ఇంకింత ముంగటికి వంగింది. ఆయన మొఖం తుడుచుకొని ఐదు అక్షరాలు కొట్టిండు. తెర నిండ వరుసలు వచ్చినయి.

చంద్రమౌళి సార్ వంగి చదివిండు. "కోపం? ఇదేం అర సాబ్?" సారే ఒక్కొక్క వరుస చదువుకుంట పోయిండు. "ఎర్రరాళ్ల గుట్ట... అత్తగొంతు... మళ్ల ఎర్రరాళ్ల గుట్ట..."

రామి దుప్పటి కొస ఇడిసిపెట్టింది. "సాబ్! అవి తీసెయ్యమన్న గద నేను! తీసేసిన అన్నవ్ గద!"

ఫకీర్ సాబ్ లేచి నిలబడ్డడు, దొంగతనం చేసి దొరికినోని లెక్క. "అన్న. అబద్ధమాడిన అమ్మా. ఒకల కాయిదంల ఒక అక్షరం మార్చినోన్ని కాదు, ఈ ఒక్కటి చేసిన. కోపంల అన్న మాట నా చెయ్యి కొట్టది. ఏం చెయ్యాలె? రిబ్బన్ అయిపోయింది, రేపు రా అందామంటే దీనికి రిబ్బనే లేకపాయె."

పొయ్యి మీద అన్నం కుతకుత ఉడుకుతుంది. అప్పుడు గంగి, "సాబ్, మా అత్తను తిట్టుకుంట మా ఆయన రాసింది గూడ ఉన్నదా?" అన్నది.

"ఉన్నది."

"సదువు. మా అత్త ఈడనే ఉల్లిగడ్డ కోస్తుంది."

ఇగ నవ్వులే నవ్వులు. ఉల్లిగడ్డ కోసే ముసలామె కూడ నవ్వింది. రామి నవ్వలే. నెల దినాలు ఆమె ఫకీర్ సాబ్ తోని మాట్లాడలే, అది కూడ రాయి. అందరు ఒక్క తీరుగ ఉండరు.

నా ఉత్తరం అండ్లనే ఉండె, బద్ద లేకుంట. ఆయన మొదటికెల్లి చదివిండు. నేను ఆపలే.

"తుల్సీ, తీజ్‌కు వస్తలేను. నేను కంపెనీ ఇడిసిపెట్టిన. ఖల్లివెల్లి అయిన. నీకు కోపమొస్తది, నాకెర్క. సెలవు అడిగితే ఇయ్యలే, పాస్‌పోర్టు ఇయ్యలే. తీజ్‌కు ఇంటికి రావాలెననే గోడ దుంకిన. ఇప్పుడు బురైదా అవతల ఖర్జూర తోటల ఉన్న. నీళ్ల టాంకీ మీద ఒంటె బొమ్మ ఉంటది, గదే గురుతు. కాయిదాలు ఎట్లనన్న చేసుకొని వస్త. గోధుమ మొలకలు నాలుగు ఎండబెట్టి నా కోసం దాయమని కవితకు చెప్పు."

కవిత తొమ్మిదో దినం నాడే అన్నీ వాగుల ఇడిసి వచ్చింది.

సారు ఊరి పేరు చీటి మీద రాసిచ్చిండు. మైకు మళ్ల మోగింది. ఆ చీటి కొంగుల ముడేసుకొని, చీకటి కాకముందే మంగీలాల్ చేతుల పెట్టిన. పదిహేను దినాలకు ఉత్తరం వచ్చింది. "మంగీలాల్ వచ్చిండు. దవాఖానకు తోలుకపోయిండు, జరం తగ్గింది. నువ్వు జవాబు ఇయ్యకపోతే నన్ను ఇడిసిపెట్టినవనుకున్న." ఫకీర్ సాబ్ చదివి, గొంతు సవరిచ్చుకొని, "దాయాల్నా, తీసెయ్యాల్నా?" అన్నడు. అప్పుడు నేను ఆయన్ని తిట్టిన తిట్టు నువ్వు రాయొద్దు.

తెలంగాణ రాకముందు ఏడు, కాయిదాలు లేనోళ్లు ఇంటికి పోవచ్చు అని సౌదీ సర్కారు అన్నప్పుడు మీ తాత వచ్చిండు. స్టేషన్‌కెల్లి తండాకు పోలే, ముందుగాల ఆ రేకు కిందికే పోయినం. ఇద్దరు మొగోళ్లు ఒకలనొకలు ఎన్నడు చూడలే. మీ తాత ఖర్జూరాల సంచి ముంగట పెట్టి, ఏం మాట్లాడాల్నో తెల్వక, "సాబ్, నా ఇంటి ముంగట మూడు చెట్లు పెట్టినవట" అన్నడు. ఫకీర్ సాబ్ నవ్వుకుంట కూసున్నడు, కండ్లు తుడుచుకుంట. కవిత ఆ ముందటి తీజ్‌ల మొలకలు ఎండబెట్టి కాయిదంల కట్టి ఉంచింది. ఇప్పటికీ మీ తాత పెట్టెల ఉన్నయి, పోయి చూడున్రి.

ఆ తర్వాత అందరి చేతులల్లకు ఫోన్లు వచ్చినయి. మొగని మొఖమే కనబడుతుంటే ఉత్తరం ఎవరికి కావాలె? ఎవరు పోకున్నా నేను సంత నాడు పోయేది, ఉత్తగనే. ఆయనకు ఆయాసం పట్టుకున్నది, నాలుగు మాటలకు ఒకసారి ఆగుతుండె. ఒక సంత నాడు మమ్ముల అందరిని పిలిపిచ్చిండు. కోపం అర తెరిచి, ఎవరియి వాళ్లకు అడుగు దాక చదివి, అడిగిండు: "ఇప్పుడు కోపం లేదు గద. ఇప్పుడు చెప్పు, దాయాల్నా, తీసెయ్యాల్నా?" రామి తీసెయ్యమన్నది. ఆమె వేలు పట్టి ఆమె తోనే మీట కొట్టిచ్చిండు, ఈసారి నిజంగనే. నేను ఇప్పచెట్టుల పెట్టమన్న.

"మూడు ఉన్నయి గద బెహన్. ఏ చెట్టుల?"

"నువ్వు మొదట నాటిన దాంట్ల."

ఆయన నా మొఖం చూసుకుంటనే కొట్టిండు. ఈసారి ఒక్క అక్షరం కూడ తప్పు పోలే.

ఆ ఏడు చలికాలంల పోయిండు. ఫకీర్ అహ్మద్‌కు అప్పటికి అరవై మూడేండ్లు.